ఔట్ ఇచ్చే వేలు ఎవరిది?

డోన్‌లో రైలెక్కి పడమటి దారి పట్టుకుంటే గుంతకల్లు మీదుగా ఆదోని వస్తుంది. పెండేకల్లు దగ్గర దక్షిణానికి మళ్లితే గుత్తి, తాడిపత్రి దాటి ఎర్రగుంట్ల. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ ఉన్న ఈ సీమలో ఆ రెండు కొసల నుంచి మూడేళ్లలోపు ఇద్దరు బౌలర్లు భారత మహిళా జట్టులోకి వెళ్లారు. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఎడమచేతి పేసర్. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద తొలి టీ20 ఆడింది. ఎర్రగుంట్లకు దగ్గర్లోని వీరపునాయునిపల్లె మండలం నుంచి వచ్చిన శ్రీచరణిది ఎడమచేతి స్పిన్. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో తొలి వన్డే ఆడింది, నవంబరు 2న నవీ ముంబయిలో ప్రపంచకప్ అందుకున్న జట్టులో నిలబడింది. ఇద్దరిదీ ఎడమచేయే కావడం కాకతాళీయం. విమెన్స్ ప్రీమియర్ లీగ్‌లో మొదటిసారి వేలానికి వచ్చినప్పుడు ఇద్దరికీ పలికిన ధర కూడా ఒకటే, 55 లక్షలు.

వీళ్ల కథలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. తండ్రి ఉద్యోగం, మేనమామ ప్రోత్సాహం, స్కూల్లో పరుగు పందేలు, అన్నీ జనానికి తెలుసు. ఆ కథల్లో ఎక్కడా రాని మనిషి ఒకరున్నారు. శ్రీచరణి బంతి వదిలే క్షణంలో వికెట్ల వెనకే నిలబడి, ముందు పాదం గీత దాటిందో లేదో చూసేవారు. బంతి ప్యాడ్‌కు తగిలితే వేలెత్తేవారు, లేదా తల అడ్డంగా ఊపేవారు. వాళ్ల వెనక గాజు గదిలో కూర్చుని ఓవర్లు ఎంత సేపట్లో పడుతున్నాయో లెక్క రాసుకునే ఇంకొకరు. ఆడవాళ్ల బౌలింగ్‌కు నియమాలు ఎవరు రాశారు, వాటిని మైదానంలో అమలు చేసే హక్కు ఎవరి చేతికి ఎప్పుడు వచ్చింది అనేది వేరే చరిత్ర. అందులో రాజమండ్రిలో పుట్టిన ఒక తెలుగు బౌలర్‌కు పెద్ద పాత్రే ఉంది.

ఆట చరిత్రలో ఆడవాళ్లు కొత్తగా వచ్చి చేరినవాళ్లేం కాదు. ఇంగ్లండులోని సర్రేలో, గోస్డెన్ కామన్ అనే మైదానంలో 1745 జులై 26న బ్రామ్లీ, హాంబుల్‌డన్ ఊళ్ల అమ్మాయిలు ఆడిన మ్యాచ్ గురించి రెడింగ్ మెర్క్యురీ పత్రిక రాసింది. తెలిసినంతలో మహిళల క్రికెట్‌కు అదే మొదటి వార్త. ఒక జట్టు తలకు నీలం రిబ్బన్లు, మరో జట్టు ఎర్ర రిబ్బన్లు కట్టుకుందట. అప్పటికి బంతిని అందరూ కిందనుంచే వేసేవారు, మోకాలి ఎత్తున చెయ్యి ఊపి.

చెయ్యి పైకి లేవడం వెనక ఒక కథ ప్రచారంలో ఉంది. కెంట్‌లో జాన్ విల్లెస్ అనే ఆటగాడికి ఇంట్లో ప్రాక్టీసు కోసం చెల్లెలు క్రిస్టినా బంతులు వేసేదట. వెడల్పాటి గౌను అడ్డం రావడంతో కిందనుంచి వెయ్యలేక, చెయ్యి పక్కకు చాచి భుజం ఎత్తున వేసిందట. అది చూసి అన్న నేర్చుకున్నాడట. వినడానికి బాగుంది గానీ చరిత్రకారులు దీన్ని నమ్మరు. ఆ కాలానికి అంత వెడల్పు గౌన్ల ఫ్యాషన్ పోయిందన్నది వాళ్ల అభ్యంతరం. కథ ఎలా ఉన్నా, అన్న సంగతి మాత్రం రికార్డులో ఉంది. 1822 జులై 15న లార్డ్స్‌లో మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) మీద కెంట్ తరఫున విల్లెస్ అలా భుజం ఎత్తున బంతి వెయ్యగానే అంపైర్ నోబాల్ అన్నాడు. విల్లెస్ బంతి పారేసి, గుర్రమెక్కి వెళ్లిపోయి, మళ్లీ పెద్ద క్రికెట్ జోలికి రాలేదని చెబుతారు. అదే పద్ధతిని 1835లో నియమాలు ఒప్పుకున్నాయి. తల మీదుగా చెయ్యి తిప్పడాన్ని 1864లో ఒప్పుకున్నాయి. ఒక అంపైర్ తప్పన్నది పదమూడేళ్లకు ఒప్పయింది, ఆ నిర్ణయం తీసుకున్న క్లబ్బు ఎంసీసీలో ఆడవాళ్లు లేరు. లార్డ్స్‌ను నడిపే ఎంసీసీ మహిళలకు సభ్యత్వం తలుపు తెరిచింది 1998లో.

అలాగని ఆడవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1926లో ఇంగ్లండులో మహిళా క్రికెట్ సంఘం పెట్టుకున్నారు. 1934 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా, ఇంగ్లండు మహిళలు మొదటి టెస్టు ఆడారు. 1958లో ఆడే దేశాలు కలిసి అంతర్జాతీయ మహిళా క్రికెట్ మండలి ఏర్పడింది. మగవాళ్ల మండలి ఇటు కన్నెత్తి చూడని ఆ రోజుల్లో వాళ్ల టోర్నీలు వాళ్లే పెట్టుకున్నారు, వాళ్ల ఖర్చులు వాళ్లే చూసుకున్నారు. ప్రపంచకప్ అన్న ఊహను మొదట అమలులో పెట్టింది కూడా వాళ్లే. మగవాళ్ల తొలి ప్రపంచకప్ 1975లో జరిగితే, ఆడవాళ్లది 1973లోనే జరిగిపోయింది.

మన దేశంలో కూడా 1973 ముఖ్యమైన ఏడు. లక్నోకు చెందిన మహేంద్రకుమార్ శర్మ చొరవతో భారత మహిళా క్రికెట్ సంఘం రిజిస్టరైంది. ఆ ఏప్రిల్‌లో పుణెలో జరిగిన తొలి అంతర్రాష్ట్ర పోటీకి వచ్చిన జట్లు మూడే: బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. ఏడాది తిరక్కుండానే ఆ సంఖ్య ఎనిమిదికి చేరింది. అయిదేళ్లు గడవకముందే భారత్ ప్రపంచకప్‌కు ఆతిథ్యం ఇచ్చింది. 1978 జనవరిలో నాలుగు దేశాలు, నాలుగు ఊళ్లు: కలకత్తా, జంషెడ్‌పూర్, పట్నా, హైదరాబాద్. ఫైనల్ అంటూ విడిగా లేదు, ఎక్కువ మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు. ఆ లెక్క తేలింది తెలుగు నేల మీదే. జనవరి 13న లాల్ బహదూర్ స్టేడియంలో ఇంగ్లండు 96 పరుగులకు ఎనిమిది వికెట్లు పోగొట్టుకుని ఆగిపోతే, ఆస్ట్రేలియా రెండే వికెట్లు పోగొట్టుకుని గెలిచింది. హైదరాబాద్ నుంచి తర్వాతి రోజుల్లో రజనీ వేణుగోపాల్, పూర్ణిమా రావు, మిథాలీ రాజ్ వరసగా దేశానికి ఆడారు. ఆఫ్‌స్పిన్ వేసే పూర్ణిమ నాయకత్వంలో 1995లో భారత్ న్యూజిలాండ్ వెళ్లి అక్కడి శతాబ్ది టోర్నీ గెలుచుకొచ్చింది.

నియమాల పుస్తకంలో ఆడవాళ్ల బౌలింగ్‌కు ప్రత్యేకంగా ఉన్నది తక్కువే. ఉన్నదాంట్లో ముఖ్యమైనది బంతి. మగవాళ్ల బంతి బరువు 155.9 గ్రాముల నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి. ఆడవాళ్లది 140 నుంచి 151 గ్రాములు. చుట్టుకొలత కూడా తక్కువే, 21 నుంచి 22.5 సెంటీమీటర్లు. పదమూడేళ్ల లోపు పిల్లలకు ఇంకా తేలిక, 133 నుంచి 144 గ్రాములు. కాగితం మీద ఇది పది, పదిహేను గ్రాముల తేడా. చేతిలో పట్టుకుంటే తెలిసే తేడా వేరు. చిన్న బంతి మీద చూపుడు వేలు, నడిమి వేలు ఇంకాస్త ఎడంగా పరుచుకుంటాయి, సీమ్ మీద పట్టు దొరుకుతుంది, స్పిన్నర్‌కు బంతి తిప్పడం సులువవుతుంది. స్కూలు రోజుల్లో అబ్బాయిలతో కలిసి ఆడే అమ్మాయిలు పెద్ద బంతితో నేర్చుకుని, జిల్లా జట్టుకు ఎంపికయ్యాక చిన్న బంతికి మారాల్సి వస్తుంది. అలా మారిన కొత్తలో పేసర్లకు బంతి అనుకున్న దానికన్నా ముందే చేయి జారి ఫుల్‌టాస్ అయిపోవడం మామూలే.

బౌండరీ కూడా వేరు. మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌లో గీత పిచ్ మధ్య నుంచి 60 గజాలకు తగ్గకూడదు, 70 దాటకూడదు. మగవాళ్లకు 65 నుంచి 90. గీత దగ్గరికి వస్తే బ్యాటింగుకు మేలు, బౌలింగ్‌కు కీడు. బంతి తేలికైతే బౌలింగ్‌కు మేలు. ఈ రెంటినీ తూచి చూసినవాళ్లెవరో, ఎప్పుడు తూచారో పుస్తకంలో ఉండదు. పుస్తకంలో ఉన్నది అంకెలే.

మిగతా నియమాలన్నీ ఒకటే. మోచెయ్యి చాచడంలో 15 డిగ్రీలు దాటితే త్రోయింగ్. ముందు పాదంలో కొంత భాగమైనా, నేలమీదో గాలిలోనో, పాపింగ్ క్రీజు వెనక ఉండాలి. వెనక పాదం రిటర్న్ క్రీజు లోపల పడాలి, గీతకు తగలనే కూడదు. ఈ చివరిది ఎడమచేతి స్పిన్నర్‌కు పెద్ద తలనొప్పి. కుడిచేతి బ్యాటర్‌కు వేసేటప్పుడు మామూలుగా వాళ్లు రౌండ్ ది వికెట్ వస్తారు. బంతి కోణం పెంచుకోవడానికి క్రీజు చివరికంటా వెళ్లి వేస్తారు. అంగుళం ఎక్కువ జరిగితే వెనక మడమ గీతను రాస్తుంది. అంపైర్ కళ్లు ఒకే క్షణంలో వెనక పాదం, ముందు పాదం, తర్వాత ఇరవై రెండు గజాల అవతల బంతి పడే చోటు చూడాలి. తెర ముందు మూడో అంపైర్ లేని మ్యాచ్‌లో మూడు చోట్లా ఒకే మనిషి కళ్లు.

ఈ పని కోసం ఏళ్ల తరబడి తర్ఫీదు కావాలి. జిల్లా స్థాయి కళాశాలల్లో ఆ తర్ఫీదు ఎవరికుంటుంది? కబడ్డీకి ఈల వేసేదీ, ఖోఖోకు గంట చూసేదీ, బాల్ బ్యాడ్మింటన్‌కు స్కోరు రాసేదీ, క్రికెట్‌కు టోపీ పెట్టుకుని నిలబడేదీ ఫిజికల్ డైరెక్టరే, అంటే పీడీ సారో, పీడీ మేడమో. బ్యాట్ ప్యాడ్‌కు తగిలిన చప్పుడు బంతి చప్పుడులాగే వినిపిస్తే, పీడీ మాటే తీర్పు. కళాశాల మ్యాచ్‌కు రివ్యూ ఉండదు.

అలాంటి కళాశాల ఆట నుంచే మన కథలోని ముఖ్యురాలు వచ్చింది. గండికోట సర్వలక్ష్మి, క్రికెట్ లోకానికి జి.ఎస్. లక్ష్మి, 1968లో రాజమండ్రిలో పుట్టింది. తండ్రి టాటా ఉద్యోగం వల్ల పెరిగింది జంషెడ్‌పూర్‌లో. 1978 ప్రపంచకప్ మ్యాచ్‌లు జరిగిన ఊళ్లలో ఒకటి. అన్నదమ్ములతో కలిసి బంతి వెయ్యడం నేర్చుకుంది. పదో తరగతి మార్కులు కళాశాల సీటుకు చాలలేదు. అక్కడి మహిళా కళాశాల అప్పుడే అమ్మాయిల క్రికెట్ జట్టు కట్టుకుంటోంది. ఈ అమ్మాయి పేస్ వేస్తుందని తెలిసి స్పోర్ట్స్ కోటాలో సీటు ఇచ్చారు. 1986 నాటి మాట. బౌలింగ్ చూసి సీటిచ్చిన ఆ కళాశాల ఒక రకంగా మొదటి అంపైర్. ఇంకో యూనివర్సిటీలో ఇంకో అమ్మాయికి అదే బౌలింగ్ ఏ దారీ చూపించకుండా మిగిలిపోయి ఉండవచ్చు.

తర్వాత ఆమెను నిలబెట్టింది రైల్వేలు. దేశంలో ఆడవాళ్ల క్రికెట్‌కు రైల్వేల పాత్ర ఎంతటిదో డోన్ లాంటి ఊళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. పాత రైల్వే కాగితాల్లో ద్రోణాచలంగా కనిపించే ఈ జంక్షన్, 2022లో కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకు మారినా, రైళ్ల లెక్కలో మాత్రం గుంతకల్లు డివిజన్లోనే ఉంది. 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోకి ఆ డివిజన్ 1977లో చేరింది. క్లర్కు ఉద్యోగం, నెల జీతం, మ్యాచ్‌లకు సెలవు, ఇవి మూడూ కలిపి ఇచ్చే యజమాని ఆడపిల్లలకు ఆ రోజుల్లో దాదాపు రైల్వే ఒక్కటే. మిథాలీ రాజ్ రైల్వే ఉద్యోగిగా ఆడింది. లక్ష్మి దక్షిణ మధ్య రైల్వేకు ఆడింది. ఆదోని అంజలి శర్వాణి కూడా ఆంధ్ర జట్టు నుంచి రైల్వేస్ జట్టుకు మారింది. దేశవాళీ మహిళల వన్డే టైటిల్ ఎవరిదని అడిగితే, చాలా ఏళ్లు జవాబు ఒకటే ఉండేది.

లక్ష్మి 1999లో ఇంగ్లండు పర్యటనకు ఎంపికైంది, తుది పదకొండులో చోటు దొరకలేదు. 2004 దాకా దేశవాళీ క్రికెట్ ఆడింది. ఆ తర్వాత ఆడవాళ్ల ఆట గూడు మారింది. 2005లో అంతర్జాతీయ మహిళా మండలి, మగవాళ్ల మండలి అయిన ఐసీసీలో కలిసిపోయింది, మరుసటి ఏడాది ఇక్కడ మహిళా సంఘం బీసీసీఐలో కలిసింది. డబ్బు, మైదానాలు, ప్రయాణాలు మెరుగయ్యాయి. ఇంకో మార్పు కూడా వచ్చింది, దాన్ని పెద్దగా ఎవరూ గమనించలేదు. 2008-09 సీజన్ నుంచి దేశవాళీ మహిళల మ్యాచ్‌లకు మహిళా రెఫరీలను పెట్టింది బోర్డు. లక్ష్మి రెఫరీ జీవితం అక్కడ మొదలైంది.

మ్యాచ్ రెఫరీ ఔటో కాదో చెప్పరు. టాస్ వేయిస్తారు. పిచ్ ఎలా ఉందో మార్కులు వేస్తారు. ఆటగాళ్లు హద్దు మీరితే విచారణ జరిపి శిక్ష రాస్తారు. ఓవర్ల వేగం లెక్క కూడా వాళ్లదే, ఈ పనిలో అత్యంత చాకిరీ ఉన్నది అందులోనే. ఇన్నింగ్స్ ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసింది, మధ్యలో ఎవరికి గాయమై ఎన్ని నిమిషాలు ఆగింది, నీళ్ల విరామం, రివ్యూకు పట్టిన సమయం, సైట్‌స్క్రీన్ ముందు ఎవరో నడిచిన నిమిషం, ఇవన్నీ రాసుకుని తీసేయాలి. మిగిలిన సమయంలో పడాల్సిన ఓవర్లు పడకపోతే జట్టు జేబుకు కోత. ఇదంతా ఒక ఓవర్ తేడాతో తేలుతుంది కాబట్టి, ఒక నిమిషం తప్పు రాస్తే ఒక జట్టుకు జరిమానా తప్పు పడుతుంది. బౌలర్‌గా ఆడిన మనిషికి ఈ లెక్కలో ఒక సౌలభ్యం ఉంది: ఓవర్ ఎక్కడ ఆలస్యమవుతుందో చూడకుండానే తెలుస్తుంది.

2019 మే 14న ఐసీసీ ఆమెను తన అంతర్జాతీయ రెఫరీల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో తొలి మహిళ. అప్పటికి ఆమె చూసిన అంతర్జాతీయ మహిళల మ్యాచ్‌లు ఆరు, మూడు వన్డేలు, మూడు టీ20లు. ఆ డిసెంబరు 8న షార్జాలో యూఏఈ, అమెరికా పురుషుల వన్డేకు రెఫరీగా కూర్చుంది. పురుషుల వన్డేకు మహిళ రెఫరీ కావడం అదే మొదలు. అదే ఏడాది ఏప్రిల్‌లోనే ఆస్ట్రేలియాకు చెందిన క్లేర్ పొలొసాక్ పురుషుల వన్డేకు అంపైరింగ్ చేసిన తొలి మహిళ అయింది.

ఆ షార్జా మ్యాచ్ జరిగిన వారంలోనే ఇంకోటి జరిగింది. డిసెంబరు 6న హైదరాబాద్‌లో భారత్, వెస్టిండీస్ పురుషుల టీ20 నుంచి ముందు పాదం నోబాల్‌ను మైదానంలో అంపైర్ బదులు తెర ముందు కూర్చున్న మూడో అంపైర్ చూసే ప్రయోగం మొదలైంది. అది బాగా పనిచేసిందని తేల్చి మొదటిసారి ప్రపంచ స్థాయి టోర్నీలో వాడింది 2020 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియాలో జరిగిన మహిళల టీ20 ప్రపంచకప్‌లో. ఈసారి కొత్త పద్ధతి ముందు ఆడవాళ్ల ఆటకు వచ్చింది, మగవాళ్లకు తర్వాత. 2017 ప్రపంచకప్‌లో డీఆర్ఎస్ వచ్చేదాకా మహిళల ప్రపంచ టోర్నీలకు రివ్యూ అనేదే లేదు. తొమ్మిదేళ్ల ముందు నుంచే టెస్టుల్లో మగవాళ్లు అంపైర్ తీర్పును సవాలు చేస్తుంటే ఆడవాళ్లు తలవంచుకుని వెళ్లిపోయేవారు.

రివ్యూ లేకపోతే ఏమవుతుందో 2023 జులై 22న ఢాకాలో లోకమంతా చూసింది. బంగ్లాదేశ్‌తో మూడో వన్డే. ఆ సిరీస్‌కు డీఆర్ఎస్ లేదు, అంపైర్లు ఆతిథ్య దేశం వాళ్లు. ఔటిచ్చాక భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ బ్యాటుతో వికెట్లు కొట్టి వెళ్లింది, మ్యాచ్ టైగా ముగిశాక అంపైరింగ్ మీద బహిరంగంగా విమర్శించింది. మ్యాచ్ ఫీజులో 75 శాతం కోత, రెండు మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ఆమె ప్రవర్తన తప్పే. పురుషుల సిరీస్‌లకు ఉండే తటస్థ అంపైర్లు, కెమెరాలు ఆ రోజు ఎందుకు లేవన్న ప్రశ్న మాత్రం ఆ శిక్షతో తీరలేదు.

బౌలింగ్ నియమాలకు, అంపైర్‌కు మధ్య ఇంకో పెద్ద గొడవ 2022 సెప్టెంబరు 24న లార్డ్స్‌లో జరిగింది, జాన్ విల్లెస్ గుర్రమెక్కిన మైదానంలోనే. భారత పేసర్ ఝులన్ గోస్వామి చివరి మ్యాచ్. 170 కొట్టాల్సిన ఇంగ్లండుకు చివరి వికెట్ మాత్రమే మిగిలింది, ఇంకా 17 పరుగులు కావాలి. 47 మీద ఉన్న చార్లీ డీన్ నాన్‌స్ట్రైకర్ చివర నుంచి ముందుకు జరుగుతోంది. భారత బౌలర్ దీప్తి శర్మ బంతి వెయ్యకుండా ఆగి బెయిల్స్ లేపింది. మూడో అంపైర్ చూసి ఔట్ ఇచ్చారు. భారత్ సిరీస్‌ను 3-0తో గెలిచింది, ఇంగ్లండు పత్రికలు వారం పాటు ఊగిపోయాయి. 1947లో సిడ్నీలో బిల్ బ్రౌన్‌ను వినూ మన్కడ్ ఇలాగే ఔట్ చేసిననాటి నుంచి ఈ పద్ధతికి ఆయన పేరు మచ్చలా అంటుకుంది. ఆ ఔట్‌ను ‘అన్యాయపు ఆట’ అధ్యాయం నుంచి తీసి మామూలు రనౌట్ అధ్యాయంలో పెడుతున్నామని ఎంసీసీ 2022 మార్చిలోనే ప్రకటించింది. అమలు తేదీ అక్టోబరు 1. అంటే దీప్తి చేసింది పాత పుస్తకం ప్రకారమూ ఔటే, వారం తర్వాత వచ్చిన పుస్తకం ప్రకారమూ ఔటే. దీప్తి వల్లే రూలు మార్చారని ఇక్కడ కొందరు గర్వంగా చెప్పుకుంటారు. తేదీలు ఆ మాటను ఒప్పుకోవు.

అదే ఏడాది ఏప్రిల్ 3న క్రైస్ట్‌చర్చ్‌లో మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్‌కు అంపైర్లు లారెన్ అజెన్‌బాగ్, కిమ్ కాటన్. మూడో అంపైర్ జాక్వెలిన్ విలియమ్స్. రెఫరీ లక్ష్మి. ప్రపంచకప్ ఫైనల్‌లో ఈ నాలుగు బాధ్యతలూ ఆడవాళ్లే చూడడం అదే మొదటిసారి. 1973 నుంచి లెక్కేస్తే పన్నెండో ప్రపంచకప్ అది. బంతిని మహిళల చేతికి సరిపోయేలా తయారుచెయ్యడానికి పట్టిన కాలం కన్నా, ఆ బంతి మీద తీర్పు చెప్పే కుర్చీ మహిళలకు అప్పగించడానికి పట్టిన కాలమే ఎక్కువ.

మన దేశంలో రంజీ ట్రోఫీ మ్యాచ్‌కు మహిళా అంపైర్ నిలబడింది 2023 జనవరిలో. ముగ్గురికి ఒకే రోజు అవకాశం వచ్చింది. గోవాలో వృందా రాఠీ, సూరత్‌లో ఎన్. జనని, జంషెడ్‌పూర్‌లో గాయత్రీ వేణుగోపాలన్. ముంబయి యూనివర్సిటీ జట్టుకు మీడియం పేస్ వేసిన వృంద ముందు స్కోరర్‌గా పనిచేసింది. 2013లో మన దేశంలో జరిగిన ప్రపంచకప్‌కు స్కోరు రాస్తూ, న్యూజిలాండ్ అంపైర్ కాథీ క్రాస్‌ను చూసి ఈ దారిలోకి వచ్చింది. చెన్నైలో జనని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే రాష్ట్ర సంఘాన్ని పదేపదే అడిగి అంపైర్ల పరీక్ష రాసే వీలు తెచ్చుకుంది. 2018లో వృంద, జనని ఇద్దరూ బీసీసీఐ లెవెల్ 2 పరీక్ష గట్టెక్కారు.

2025 ప్రపంచకప్‌కు ఐసీసీ పూర్తిగా మహిళలనే పెట్టింది, 14 మంది అంపైర్లు, నలుగురు రెఫరీలు. విశాఖపట్నంలో అక్టోబరు 12న ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని కొట్టేసిన మ్యాచ్‌లో శ్రీచరణి సొంత రాష్ట్రపు ప్రేక్షకుల ముందు 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. టోర్నీ మొత్తం మీద 14. ఫైనల్లో ఆమె తీసిన దక్షిణాఫ్రికా బ్యాటర్ అనెకె బోష్ వికెట్ ఎల్‌బీడబ్ల్యూ. ఎడమచేతి స్పిన్నర్‌కు ఈ పద్ధతిలో వికెట్ రావడం ఎంత చిక్కో అంపైర్లకు తెలుసు. రౌండ్ ది వికెట్ వచ్చిన బంతి కోణంతో లోపలికి వస్తుంది, పడ్డాక బయటికి తిరుగుతుంది. రెండిట్లో ఏది గెలుస్తుందో అంచనా కట్టాలి. ఓవర్ ది వికెట్ మారి వేస్తే బంతి లెగ్ స్టంప్ అవతల పడిందేమో చూడాలి. అక్కడ పడితే ఎంత సూటిగా తగిలినా నాటౌటే. అనెకె బోష్ పరుగేమీ చెయ్యకుండా వెనక్కి వెళ్లింది. మైదానంలో ఉన్న అంపైర్లు ఎలోయిస్ షెరిడన్, జాక్వెలిన్ విలియమ్స్.

ఆ గెలుపుకు రాష్ట్ర ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్ల నగదు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆ ప్రపంచకప్‌కు మన దేశం నుంచి వెళ్లిన అంపైర్లు వృంద, జనని, గాయత్రి. ముగ్గురూ ముంబయి, చెన్నై, ఢిల్లీ నగరాల క్రికెట్ నుంచి పైకి వచ్చినవాళ్లు. తెలుగు పేరు ఒక్కటే ఉంది, రెఫరీల జాబితాలో లక్ష్మిది. రాయలసీమ నుంచి బౌలర్లు వస్తున్నారు. కళాశాల మైదానంలో అమ్మాయిల మ్యాచ్‌కు అంపైరింగ్ పరీక్ష రాసిన మనిషిని నిలబెట్టే ఏర్పాటు ఇంకా అరుదే. పీడీ సారు ఆ మధ్యాహ్నం కబడ్డీ ఫైనల్‌కూ ఈల వెయ్యాలి.